ఓడ లిఫ్టు తలుపు, మా అక్క వేళ్లు, నా అనుమానం

మా సరోజనక్క వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తుంది. ముప్పై ఏళ్ల కింద ఒక ఆసామి ఓడ బొమ్మతో జంపఖానా కావాలంటే, క్యాలెండర్లో చూసిన ఓడను గుర్తు చేసుకుంటూ నేసి ఇచ్చింది. ఆయన దాన్ని విప్పి చూసి, "ఇది ఓడ లెక్క లేదమ్మా, ఇటుకల లారీ లెక్క ఉన్నది" అన్నాడట. ఆ మాట ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అసలు ఓడను దగ్గరి నుంచి చూసి, ఎక్కి, దిగి, అప్పుడు మళ్లీ నేస్తానని పట్టుబట్టింది. చెన్నై నుంచి విశాఖపట్నానికి రెండు రాత్రుల ఓడ ప్రయాణం ఉందని తెలియగానే, దుకాణం నా భార్యకు అప్పగించి అక్కతో బయల్దేరాను.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. నాది విత్తనాల దుకాణం. నకిలీ ప్యాకెట్లు పట్టుకుని పట్టుకుని అనుమానం నాకు ఒంటికి పట్టేసింది. హోటల్లో ఇడ్లీ తెచ్చినా అటూ ఇటూ తిప్పి చూస్తాను. ఇంట్లో నన్ను సీఐడీ అంటారు, నేనేమీ అనుకోను. మా హన్మకొండ అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని కూడా నేనే కాబట్టి లిఫ్టుల మీద అనుమానం ఇంకాస్త ఎక్కువ. మా లిఫ్టు చూసే మెకానిక్కు యాకూబ్ భాయ్ నెలకోసారి వచ్చి పని చేస్తుంటే, పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ప్రతి బోల్టు గురించీ అడుగుతాను. పాపం, విసుక్కోకుండా చెబుతాడు.

వరంగల్లో సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై సెంట్రల్లో దిగవచ్చు. థర్డ్ ఏసీ టికెట్ మనిషికి వెయ్యి రూపాయల లోపే అయింది. కేసముద్రం దాటకముందే అక్క జొన్నరొట్టెలు, వంకాయ కూర విప్పింది. పొద్దున స్టేషన్ దగ్గరే స్నానాలు, టిఫిన్ కానిచ్చి, ఆటోలో రేవుకు వెళ్లాం. ఆటో అతను నాలుగు వందలు అడిగితే రెండున్నర వందలకు దింపాడు. ఓడలోకి పన్నెండు నుంచి మూడు గంటల దాకా ఎక్కిస్తారు. ఎండలో వరుసలో నిలబడకుండా ఒంటిగంటన్నరకు వెళ్లడం మేలని నా అనుభవం. తనిఖీ దగ్గర గార్డు అక్క సంచిలోంచి చిన్న స్టీలు భరిణె తీసి వాసన చూశాడు. అందులో తడిపిన పసుపు, పక్క గిన్నెలో కుంకుమ ఉన్నాయి. నన్ను నేనే అద్దంలో చూసుకున్నట్టు అనిపించేలా అతను నావైపు అనుమానంగా చూసి పంపించాడు.

మాకు ఆరో అంతస్తులో గది ఇచ్చారు, భోజనశాల పదో అంతస్తులో ఉంది. లిఫ్టు ముందుకు రాగానే అక్క ఆగిపోయింది. మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించిన ప్రతిసారీ మగ్గానికి బొట్టు పెట్టనిదే ఆమె పోగు ముట్టదు. మా ఇంట్లో కొత్త సైకిలుకు, కుట్టుమిషనుకు, ఫ్రిజ్జుకు కూడా ఆమె చేతి బొట్టే.

"మోసేదానికి బొట్టు పెట్టకుండ ఎట్ల ఎక్కుతం తమ్మీ?" అంది భరిణె తీస్తూ.

"కెమెరా ఉన్నది అక్కా. నువ్వు పెడితే అందరు సూస్తరు. ఇటియ్యి, నేను పెడ్త" అన్నాను.

పైన కెమెరా ఎటు చూస్తోందో చూసుకుని, దానికి వీపు తిప్పి నిలబడ్డాను. స్టీలు తలుపు మీద పెడితే మరక పడుతుందని, తెరుచుకున్న తలుపు అంచున నిలువునా ఉన్న నల్లటి గాజు పట్టీని ఎంచుకున్నాను. ఎవరి వస్తువూ పాడు చేయకూడదన్నది నా పద్ధతి. ఉంగరపు వేలితో పసుపు దట్టంగా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టాను. అక్క కళ్లకద్దుకుంది. అప్పుడు మూడున్నర అయింది. ఐదు గంటలకు ఓడ కదిలింది. తీరం దూరమవుతుంటే అక్క రెయిలింగు పట్టుకుని, ఓడ ముక్కు ఎట్లా వంగి ఉందో గాల్లో వేలితో గీసుకుంటూ ఉండిపోయింది.

ఏడు గంటలకు భోజనానికి వెళ్దామని మళ్లీ అదే లిఫ్టు దగ్గరికి వచ్చాం. తలుపు తెరుచుకునే ఉంది. ఎంతసేపటికీ మూసుకోలేదు. లోపల ఉన్నవాళ్లు విసుక్కుంటూ దిగిపోతున్నారు. మేం ఎక్కి నిలబడ్డాక గుయ్యిమని ఒకటే కూత మొదలైంది. అంతలో నడవా చివర ఇద్దరు ముసలివాళ్లు గబగబా వస్తూ కనిపించారు. మా వైపు షేర్ ఆటోలో చివరి మనిషి ఎక్కేదాకా ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టి ఆపుతారు. అక్క అలాగే "ఆగుండ్రి, అస్తాండ్రు" అంటూ కుడిచెయ్యి తలుపుకు అడ్డం పెట్టింది. ఇంకెక్కడైనా అయితే తలుపు తగిలీ తగలకుండానే వెనక్కి పోతుంది. ఇది పోలేదు. నెమ్మదిగా, కూత పెడుతూ వచ్చి, ఆమె నాలుగు వేళ్లను అంచుకు నొక్కేసింది.

నేను రెండు చేతులతో తలుపు వెనక్కి లాగుతుంటే ఎవరో తెరిచే బటన్ నొక్కారు. అక్క చెయ్యి గుండెకు హత్తుకుని కింద కూర్చుండిపోయింది. ఓడలోని దవాఖానాలో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదన్నారు. రెండు వేళ్లకు వాపు, ఒక గోరు నల్లబడింది. కట్టు కట్టించుకుంటూ, "పోగు ముడి ఏసేది గీ రెండేళ్లతోనే తమ్మీ" అంది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

ఓడవాళ్లు ఒక కాగితం తెచ్చి సంతకం అడిగారు. మూసుకుంటున్న తలుపులో ప్రయాణికురాలు చెయ్యి పెట్టారని ఉంది అందులో. నకిలీ విత్తనం అమ్మినవాడు కూడా రైతు నీళ్లు సరిగ్గా పెట్టలేదనే అంటాడు. సంతకం చేయనని చెప్పి తిన్నగా లిఫ్టు దగ్గరికి వెళ్లాను. అక్కడ నీలం బట్టల్లో ఒక మెకానిక్కు మోకాళ్ల మీద కూర్చుని, తెల్ల గుడ్డతో తలుపు అంచును తుడుస్తున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. సాక్ష్యం తుడిచేస్తున్నాడని నాకు వెంటనే అర్థమైంది, లేదా అర్థమైందని అనుకున్నాను. ఫోన్ తీసి ఫొటో కొట్టాను.

అతను తలెత్తి, "ఫొటో ఎందుకు బాబూ?" అన్నాడు తెలుగులో.

"ఏం తుడుస్తాన్నవు?"

అతను గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మురికి బాబూ. ఆ అమ్మకి ఎలాగుంది?"

మురికి తుడిచినవాడు గుడ్డ దాచుకోవడం ఎందుకు?

మర్నాడంతా సముద్రం మీదే. తొమ్మిదింటికి కింద మూడో అంతస్తులోని ఆఫీసుకు వెళ్లి, ఫొటో జతచేసి ఫిర్యాదు రాసిచ్చాను. ప్రమాదం జరిగాక తనిఖీ కాకముందే ఆధారాలు చెరిపేశారని, ఆ మెకానిక్కు మీద చర్య తీసుకోవాలని రాశాను. భద్రతాధికారిగా ఉన్న నడివయసు మహిళ హిందీలో మాట్లాడింది. నా వరంగల్ హిందీ ఆమెకు బాగానే అర్థమైంది. ప్రమాదం తర్వాత ఫొటోలు తీయకముందు ఏదీ ముట్టకూడదన్నది నియమమని, అతని పేరు రమణ అని, ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడని చెప్పింది. నా ఫొటో చూసి, అతన్ని పనిలోంచి ఆపేస్తున్నామని, రేపు పొద్దున విశాఖలో దింపేస్తామని, మళ్లీ ఎక్కించుకోబోమని అంది. నాకు తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి గురించి దాచడం ఎందుకు, పైకి వెళ్లి రెండో కాఫీ కూడా తాగాను.

కానీ పొద్దుటి నుంచి ఆ లిఫ్టు తలుపు చక్కగా పనిచేస్తోంది. నేను పది నిమిషాలు ఎదురుగా కూర్చుని చూశాను. ఎవరి చెయ్యి కనబడినా వెనక్కి పోతోంది. రాత్రి ఏ భాగమో మార్చేసి ఉంటారని కొత్త అనుమానం పుట్టింది. అదేమిటో తేల్చుకోవాలని, ఓడలో ఇంటర్నెట్ కొనుక్కుని యాకూబ్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"సముద్రం ఎట్లున్నది సార్?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన అడిగాడు. "మూసుకునే ముందు కూత పెట్టిందా సార్?"

"పెట్టింది. గుయ్యిమని."

"అంతకుముందు చానాసేపు తెరుసుకొనే ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే తలుపు ఖరాబ్ కాలేదు సార్. అంచుకు నల్ల పట్టీ ఉంటది సూడుండ్రి, అదే దాని కన్ను. కన్నుకు ఏదన్న అడ్డముంటే మనిషి నిలబడ్డడనుకొని మూసుకోదు. సూసి సూసి, ఇగ కన్ను మాట ఇనకుండ కూత పెట్టుకుంట నిమ్మలంగ మూసుకుంటది. అన్నీ గట్ల ఉండయి గని, చానా లిఫ్టులల్ల గంతే. అప్పుడు చెయ్యి పెడ్తె ఆగది."

"కన్నుకు ఏం అడ్డమస్తది భాయ్?"

"ఏదన్న సార్. మొన్న హన్మకొండల ఒక పెండ్లోళ్లు తలుపుకు బంతిపూల దండ కట్టిండ్రు. ఒక్కోసారి మనోళ్లు బొట్టు పెడ్తరు."

ఫోన్ చేతిలోనే ఉంది. మెకానిక్కు ఫొటో తెరిచి పెద్దది చేశాను. తెల్ల గుడ్డ మీద పసుప్పచ్చటి మరక, మధ్యలో ఎరుపు. నా కుడిచెయ్యి ఉంగరపు వేలు చూసుకున్నాను. గోటి అంచున పసుపు ఇంకా ఉంది.

గదికి వెళ్లి అక్కకు చెప్పాను. ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని విన్నది. "బొట్టు పెట్టుమన్నది నేను, పెట్టింది నువ్వు. ఆయన కొలువెందుకు పోవాలె? లే, పోయి చెప్పు" అంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదన్న ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. మెట్ల మీదుగా వెళ్తూ ఆరో అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా ఆ ఆలోచనే చేశాను.

అధికారి నేను చెప్పింది విని, కంప్యూటర్ తెర నావైపు తిప్పింది. మధ్యాహ్నం మూడున్నర. లిఫ్టు ముందు నీలం గళ్ల చొక్కా వేసుకున్న ఒక వీపు, దాని చాటున అక్క కనబడనే లేదు. అటూ ఇటూ చూసి, మొహం కనబడకుండా ఓరగా కెమెరా వైపు చూసి, మళ్లీ వీపు తిప్పుతుంది. ఈ మనిషి ఎవరో, ఏం చేస్తున్నాడో తెలియక నిన్నటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నామని ఆమె అంది. ఓడలో అందరికంటే అనుమానంగా కనిపిస్తున్న మనిషిని నేనే.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. రమణను పిలిపించారు. అప్పటికే సంచి సర్దుకున్నాడట. నేను చెబుతుంటే అతను ఆశ్చర్యపోలేదు.

"పసుపని వాసన సూడగానే తెలిసిపోనాది బాబూ. మాది సోంపేట కాడ. మా అమ్మ కూడా పడవకి పసుపు రాయకండా నీటిలోకి దించనివ్వదు" అన్నాడు.

"మరి మురికి అని ఎందుకు చెప్పినవు?"

"రిపోర్టులో పసుపని రాస్తే తప్పు ఆ అమ్మ మీదకెళ్లిపోద్ది కదా. వేళ్లు నలిగినోళ్ల మీదే మళ్లీ తప్పెందుకని."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఫొటోలు తీయకముందే తుడిచినందుకు అతనికి మందలింపు ఉంటుందని, కొలువు మాత్రం పోదని అధికారి చెప్పింది. నిజంగానే చెబుతోందా అని నాకు అప్పుడూ అనుమానమే. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి విశాఖలో దిగుతున్నప్పుడు, రమణ అదే లిఫ్టు దగ్గర పనిముట్ల సంచితో కూర్చుని కనిపించాకే కుదుటపడ్డాను. అక్క ఎడమచేత్తో తన సంచిలోంచి మిగిలిన జొన్నరొట్టెలు తీసి అతనికి ఇచ్చింది. విశాఖ నుంచి వరంగల్‌కు రైల్లో తొమ్మిది గంటలకు పైనే పడుతుంది, పగటి బండి అయితే గోదావరి చూస్తూ రావచ్చు.

అక్క వేళ్లు కుదురుకోవడానికి నెలన్నర పట్టింది. ఇప్పుడు మగ్గం మీద ఓడ ఉంది, ఈసారి లారీలా లేదు. ఓడవాళ్ల తప్పు అసలేమీ లేదని నేను ఇప్పటికీ అనను. ఆ కూతకు అర్థమేమిటో ఎక్కేటప్పుడు మాకు ఒక్కరూ చెప్పలేదు, గోడ మీద రాసింది మాకు చదవవచ్చే భాషలో లేదు. కానీ ఆ రెండు రోజుల్లో నేను కాగితాన్ని, కెమెరాను, తలుపును, ఒక మంచి మనిషిని అనుమానించాను. నన్ను తప్ప. ఓడ ఎక్కబోయే మీకు నేను చెప్పగలిగిన జాగ్రత్త ఒక్కటే. లిఫ్టు తలుపును చేత్తో ఆపకండి, లోపల తెరిచే బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకోండి, కూత వినబడితే మాత్రం వెనక్కి జరగండి. ఆ తర్వాత కూడా ఏదైనా జరిగి, నాలాగా ఎవరి మీదో ఫిర్యాదు రాయడానికి కూర్చుంటే, పెన్ను తీసేముందు మీ ఉంగరపు వేలి గోరు ఒకసారి చూసుకోండి.