ఈరమ్మ పాతిన కుండ

ఉదయం తొమ్మిదికే కుళాయి తిప్పితే నీళ్లు అరచేతికి చుర్రుమంటాయి. సిరవారకు వచ్చి పన్నెండేళ్లయినా ఈ వేడి నాకు అలవాటు కాలేదు. ఆ చురుకు తగిలినప్పుడల్లా గోడ అవతలి ఈరమ్మ గుర్తొస్తుంది. ముందు కోపమే వస్తుంది. ఆవిడ నన్నన్న మాట నేను మరిచిపోలేదు.

మాది తణుకు దగ్గర పల్లె. అక్కడ కొమ్మ గుచ్చితే చాలు, చిగురించేది. కాలవ కింద పొలం కొని ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాదే పెరట్లో వంగ, బెండ, కనకాంబరం, పుట్టింటి నుంచి తెచ్చిన బొడ్డుమల్లె అంటు పెట్టాను. ఫాల్గుణం దాటేసరికి అన్నీ వాడిపోసాగాయి. మా ఆయన విసుక్కున్నారు. "ఈ ఎండాకాలం దాటి ఒక్క మొక్క నిలిచినా పెరడు నీది. లేదంటే సిమెంటు పోయించేస్తాను, వడ్లు ఆరబోసుకోవచ్చు." ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్న జాగా అదొక్కటే. పట్టుదలకు పోయాను. వరి మడికి కట్టినట్టు ప్రతి పాదు చుట్టూ గట్టు కట్టి, పూటపూటా నీళ్లు నిలబెట్టాను. ఈ నల్లరేగడి పట్టుకున్న నీళ్లను ఓ పట్టాన వదలదు. వేళ్లు కుళ్లాయి. మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. ఆకు వాడినప్పుడల్లా ఇంకో బిందె పోశాను.

ఈరమ్మ ఈ ఊరి మనిషే. అరవై దాటినా కూలికి వెళ్లేది. ఒకరోజు మజ్జిగకు వచ్చి నా పెరడు చూసి వెళ్లింది. మర్నాడు వీధి కుళాయి దగ్గర అందరి ముందూ అందుకుంది. "ఏం క్యాంపమ్మా, వంకాయ పెట్టినవా, వరి నాటినవా? గిట్ల ముంచి సంపుడెందుకు, పీకి పారెయ్యరాదు?"

కోస్తా నుంచి వచ్చినవాళ్లం ఉండే చోట్లను ఇక్కడ క్యాంపులంటారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో చెప్పగలను. "నా మొక్కలు, నా నీళ్లు. నీకెందుకమ్మా?" అని బిందె ఎత్తుకుని వచ్చేశాను. ఆ రోజుతో ఆవిడతో మాట మానేశాను.

ఏప్రిల్ కల్లా మల్లె ఒక్కటే మిగిలింది, అదీ ఎండుపుల్లలా. ఒక పొద్దున పెరటి తలుపు తీసేసరికి, సందువైపు తడిక తోసుకుని వచ్చిన ఈరమ్మ నా పాదు పక్కన కూర్చుని తవ్వుతోంది. నా గట్టు అప్పటికే చదును చేసేసింది. పాత మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి, పైన పెంకు మూసింది. చుట్టూ వేరుశనగ పొట్టు పరిచి, పడమటి ఎండకు అడ్డంగా పత్తికట్టెలు గుచ్చింది.

"మాట్లాడకుంటే మాట్లాడకు. చెట్టు మొదట్ల నీళ్లు పొయ్యకు. కుండ ఖాళీ అయితే నింపు. కుండ నుంచి నీళ్లు ఊరుతుంటయి, చెట్టు దానికెంత గావాల్నో అంతే తాగుతది."

నేను చదునైపోయిన గట్టు వైపే చూశాను.

"నీ జిద్దు, నీ పంతం చెట్టుకేం తెలుస్తది?" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఆ కుండ పెకలించి గోడ అవతల పారేద్దామని మెడ పట్టుకున్నాను. సిమెంటు గుర్తొచ్చి వదిలేశాను. తిట్టుకుంటూనే రోజూ నింపాను. మూడు వారాలకు మల్లె మొదలు దగ్గర రెండు చిగుళ్లు వచ్చాయి, ఆవగింజంత. మా ఆయన వంగి చూసి వెళ్లారు. సిమెంటు మాట మళ్లీ ఎత్తలేదు.

మా గోడ ఎత్తు. అవతలి నుంచి మల్లె కనబడదు. ఈరమ్మ దగ్గు మాత్రం రోజూ వినిపించేది. చెబుదామనుకున్నాను. అయితే కుళాయి దగ్గర అన్న మాట తప్పని ముందు ఆవిడే ఒప్పుకోవాలనుకున్నాను. అలా ఇరవై రోజులు గడిచాయి.

మే నెలలో చెరువు పూడిక తీసే పనికి వెళ్లి, వడదెబ్బ తగిలి ఈరమ్మ అక్కడే పడిపోయింది. మర్నాటికి ప్రాణం పోయింది. వెళ్లి వాళ్ల వాకిట్లో నిలబడ్డాను. కోడలు నన్ను చూసి కళ్లు తుడుచుకుంది.

"అత్త రోజూ అడుగుతుండె, మల్లె సిగురేసిందా అని. నువ్వే పోయి అడగరాదా అంటే, గామె నాతోని మాట్లాడది, ఎట్ల అడగాలె అంటుండె."

ఇప్పుడు నా పెరట్లో ప్రతి మొక్క పక్కనా కుండ ఉంది. ఎండాకాలం వస్తే పొట్టు పరుస్తాను, పత్తికట్టెలు గుచ్చుతాను. ఆవిడ అందరి ముందూ నన్ను అలా అనాల్సింది కాదని ఇప్పటికీ అంటాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ గోడ మీది నుంచి "చిగురేసింది ఈరమ్మా" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఆ కేకను ఇరవై రోజులు నోట్లోనే దాచుకున్నాను. ఇంకా అక్కడే ఉంది.