మాట్లాడే పెట్టె కావాలన్న బావ

ఈ మధ్య మా పేటలో బన్నులో ఎండుద్రాక్ష మరీ తగ్గిపోయింది. మొన్న ఒకటి కొని విప్పి చూస్తే మధ్యలో ఒకే ఒక్కటి, సంతలో తప్పిపోయిన పిల్లలా బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. దాన్ని వేలితో పొడుస్తూ బేకరీవాణ్ణి తిట్టుకుంటూ ఉంటే ఫోన్ మోగింది. మా బావ పోయాడని అక్క చెప్పింది. నిద్రలోనే పోయాడట. బన్ను నా చేతిలోనే ఉంది. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే నవ్వకండి. ఈ ద్రాక్ష సంగతి బావకు చెప్పాలి, ఆయనైతే బేకరీలోకి దూరి పిండి డబ్బాలన్నీ సోదా చేసి వస్తాడు అనుకున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. కోలారు గోల్డ్‌ఫీల్డ్స్‌లో బంగారు గనులు మూసేదాకా భూమి లోపల పనిచేశాడు. పైన రాయి కూలకుండా కొయ్య దూలాలు నిలబెట్టే పని. ఆ పనిలో అనుమానం లేనివాడు ఇంటికి తిరిగి రాడు. గనులు మూతపడ్డాయి గానీ, బావ అనుమానం ఆయనతోపాటే పైకి వచ్చేసింది. కోలారు మండీలో టమాటా బాక్సు కొంటే మొత్తం ఒలకబోసి అడుగున ఏముందో చూసేవాడు. కండక్టరు ఇచ్చిన టికెట్టును వెలుతురుకు పట్టి చూసేవాడు. నేను బాగున్నానని చెబితే, "యాదీ నాలిక, చూపించు" అనేవాడు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. సైకిల్ షాపు నడుపుకున్నాను. అందర్నీ ఆటపట్టించడం ఒక్కటే నాకు సరిగ్గా అబ్బిన విద్య. దానికి బావంత మంచి మనిషి నాకు మళ్ళీ దొరకడు.

ఆయన మనవరాలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయేది. ఫోన్‌లో ఎవరెవరివో తిట్లు తినే ఉద్యోగం. ఇంట్లోనే కూర్చుని సర్వర్లు చూసుకునే ఉద్యోగం ఒకటి ఉందని, ఇంటర్వ్యూకి పిలుస్తామన్నారని ఒకరోజు చెప్పింది. ఆ పని చేసి చూపించాలంటే నేర్చుకోవడానికి ఇంట్లో ఒక సర్వర్ ఉండాలి. కొత్తది కొనే శక్తి లేదు. పాతదే తేవాలి, అదీ ఒకేసారి. తప్పుది తెస్తే రెండోది తెచ్చుకునే దారి లేదు.

"ఒకే పెట్టె తాతా. దాంట్లోనే పది కంప్యూటర్లు ఉన్నట్టు నడపొచ్చు."

"పది యాడుంటాయి?"

"కనపడవు. ఉన్నట్టు, అంతే."

బావ మీసం దువ్వుకున్నాడు. "రోడ్డు కాంట్రాక్టరు ఇట్లే పదిమందికి హాజరీ ఏసేవాడు. వాళ్ళూ కనపడేవాళ్ళు కాదమ్మా."

అట్లా అంటూనే చొక్కా వేసుకున్నాడు. పిల్లను అంగడివాడు మోసం చేస్తాడని ఆయన భయం. తమాషా చూద్దామని నేనూ వెంట పడ్డాను.

బెంగుళూరులో పాత కంప్యూటర్లు అమ్మే వీధికి పోయాం. గనిలో ఇనుప కడ్డీతో రాయిని తట్టి, చప్పుడు బోలుగా వస్తే అక్కణ్ణుంచి తప్పుకునేవాళ్ళు. బావ అదే పద్ధతిలో అంగట్లో ఉన్న ప్రతి పెట్టెనూ వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విన్నాడు.

అంగడివాడికి ఒళ్ళు మండింది. "ఏన్ సార్, కల్లంగడి హణ్ణా ఇదు?" అన్నాడు. పుచ్చకాయ అనుకున్నావా అని.

"పుచ్చకాయైతే కోసి చూపించేవాడివి కదప్పా. దీన్నీ ఇప్పు."

విప్పాడు. లోపల దూది పరుపంత దుమ్ము. "ఇది యాడ పనిచేసింది? బాగుంటే ఎందుకు పంపించేసినారు?" అని బావ ఎద్దును బేరమాడినట్టు అడుగుతూ పోయాడు. అక్కడొక పొడుగాటి సర్వర్ ఉంది. దాని ధర చూస్తే నాకే ముద్దొచ్చింది. స్విచ్చి వేయగానే అది విమానం ఎగురుతున్నట్టు అరిచింది. బావ ముఖం వెలిగిపోయింది.

"ఇదీ! ఇది పని చేస్తాండాది. ఇనపడతాండాదా?"

"తాతా, ఇది ఇంటికి తెస్తే అవ్వ నిన్నూ నన్నూ బయటికి తోస్తాది. కొనేటప్పుడు చవకే, కరెంటు మాత్రం కుండలు కుండలు తాగతాది."

చివరికి ఆ పిల్లే ఎంచుకుంది. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన చిన్న కంప్యూటరు. పది భాగాలుగా పంచుకునే గుణం ప్రాసెసర్‌కు ఉందా, మెమరీ పెంచుకోవడానికి లోపల ఖాళీ ఉందా అని చూసి, అరవకుండా పనిచేస్తుందని తీసుకుంది. బావ దారంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దొంగకోడిని చూసినట్టు చూస్తూనే వచ్చాడు.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. ఆ పెట్టె పలకదు. బావ దాని పక్కన కూర్చుంటాడు, వెనక చెయ్యి పెడతాడు, వెచ్చగా తగులుతుంది. అంతే, గోడ దగ్గర స్విచ్చి తీసేస్తాడు. మనవరాలు రైల్లో కూర్చుని ఫోన్‌లోంచి ఇంటి పెట్టెను పలకరిస్తే అది పలికేది కాదు. సగం పనిలో ఆపేయడంతో లోపల ఆ పిల్ల కట్టుకున్నవన్నీ చెడిపోయేవి. మళ్ళీ మొదటినుంచి. ఇంటర్వ్యూ దగ్గరికొచ్చింది. ఒకరోజు రైలు దిగి వచ్చి లోపలికి కూడా పోకుండా మెట్టు మీదే కూలబడింది.

"ఇంగ వద్దులే చిన్నతాతా. నేను ఆ రైల్లోనే పోతా, వస్తా, ముసిల్దాన్నైపోతా."

నేను లోపలికి పోయి బావను నిలదీశాను. "ఏం బావా, మనవరాలి మీద కూడా అనుమానమేనా?"

"దాని మీద కాదురా. గనిలో కట్టె ఇరిగే ముందు మాట్లాడతాది. కిర్రుమని చెప్తాది. మనం పరిగెత్తేదానికి టైమిస్తాది. మాట్లాడని కట్టె కింద నిలబడినోళ్ళని నేను మోసుకొచ్చినాను. ఈ పెట్టె మాట్లాడదు, ఎనకాల చూస్తే ఏడిగా ఉండాది. పిల్ల పండుకునే రూములో దీన్ని యా నమ్మకంతో ఇడిసిపెట్టేది?"

నేనూ పెట్టె వెనక ఒకసారి చెయ్యి పెట్టి చూసి, ఇంటికి వచ్చేశాను.

తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళింటికి వెళ్తే పెట్టె వెలుగుతోంది. బావ స్నానం చేసి విభూతి పెట్టుకుని, దాని మీదికి వంగి చెవి ఆనించి ఉన్నాడు.

"ఇప్పుడు మాట్లాడతాండాది. లోపల టకటకమంటాండాది. ఇంగ ఉండనీలే."

నేను హమ్మయ్య అనుకునేలోపే ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. "దీని గొంతు యాడో ఇన్నట్టుండాదిరా బామ్మర్దీ."

"అన్ని పెట్టెలూ ఇట్లే మాట్లాడతాయి బావా" అన్నాను. తాగుతున్న కాఫీ పొలమారింది.

ఆ తర్వాత ఆయన స్విచ్చి ముట్టుకోలేదు. పిల్ల ఇంటర్వ్యూలో నెగ్గింది. రైలు మానేసింది. ఇప్పుడు ఆ గదిలోనే కూర్చుని పనిచేసుకుంటోంది. బావకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది: "ఇంట్లో కూచోబెట్టి జీతమిచ్చేవాడు మంచోడెట్ల అయితాడు? యాదో ఉండాదిరా." కానీ ఆ పెట్టె మీద ఎవరైనా గ్లాసు పెడితే ఊరుకునేవాడు కాదు. "యేయ్, అది పనిలో ఉండాది" అని కసిరేవాడు.

బావ కార్యం అయ్యాక ఆ గదిలోకి వెళ్లి కూర్చున్నాను. పెట్టె వెలుగుతోంది గానీ చప్పుడు లేదు. ఇక మీకు చెప్పక తప్పదు. ఆ టకటక పెట్టెది కాదు. మా ఇంటి పాత అలారం గడియారానిది. రోజూ కీ ఇస్తేనే నడిచే రకం. దాన్ని గుడ్డలో చుట్టి, బావ లేనప్పుడు పెట్టెకూ గోడకూ మధ్యన దూర్చింది నేనే. రోజూ కీ ఇమ్మని మనవరాలికి చెప్పి వచ్చాను.

"ఏమ్మా, కీ ఇచ్చేది మానేసినావా?"

"నేనా? మొదటిరోజే మరిచిపోయినాను చిన్నతాతా. అయినా నడస్తాంటే నువ్వే వచ్చి ఇచ్చి పోతాండావనుకున్నా."

నేను ఒక్కసారి కూడా ఇవ్వలేదు. చెయ్యి దూర్చి గడియారాన్ని బయటికి తీసి గుడ్డ విప్పాను. వెనకున్న కీ గీతల్లో తెల్లగా విభూతి. ఆ ఇంట్లో విభూతి పెట్టుకునేది బావ ఒక్కడే.

ఆ విభూతి చెరిగిపోకుండా కీని అంచుల్లో పట్టుకుని తిప్పాను. మళ్ళీ గుడ్డ చుట్టి, ఉన్నచోటే పెట్టాను. పెట్టె మాట్లాడడం మొదలుపెట్టింది.