నాలుగో చుక్క

యాకోబు చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. చెడ్డవాణ్ని నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాం. మంచివాడు మంచి చెయ్యబోయి ఒక పిల్ల ఐదేళ్ళ చదువును మట్టిలో కలిపితే ఎవరిని తిట్టాలి?

నేను సరోజనను. సూర్యాపేట దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో స్టోర్ చూస్తాను. యాకోబు మా ల్యాబ్ అటెండరు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు మిర్యాలగూడలో ఒక బియ్యం దుకాణంలో కొలిచేవాడు. మానికతో కొలిచాక పైన గుప్పెడు కొసరు వెయ్యనిదే ఏ సంచీ ఆయన చెయ్యి దాటేది కాదు. కొసరు లేని కొలత పాపమని వాళ్ళమ్మ నేర్పిందట.

ఆ పిల్ల పేరు యమున. చివ్వెంల దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వచ్చి పీహెచ్‌డీ చేసేది. ఆమె పని నల్లటి ఇంకుతో. దాన్ని ప్లాస్టిక్ షీటు మీద పల్చటి పొరగా ప్రింట్ చేస్తే ఎండకు కరెంటు పుట్టాలి. ఇంకులో రెండు పదార్థాలుంటాయి. తడి ఆరేలోపు ఆ రెండూ సన్నటి దారాల్లా పక్కపక్కన సర్దుకోవాలి. మా ఎండలకు తడి చప్పున ఆరిపోతుంది, సర్దుకునే తీరికే ఉండదు. అందుకని మెల్లగా ఆరే ఇంకో ద్రవం చుక్కలుగా కలుపుతారు. తక్కువైతే పొర సరిగా కుదరదు. ఎక్కువైతే పొరలోనే మిగిలిపోయి, ఎండ తగిలే కొద్దీ పొరను తినేస్తుంది. మా వేడికి ఎంత కావాలో తేల్చడానికి యమునకు మూడేళ్ళు పట్టింది. సీసాకు మూడు చుక్కలు.

పోయిన ఏప్రిల్‌కు ఆ పదార్థాలు అయిపోవచ్చాయి. ఐదు సీసాల ఇంకుకు మాత్రమే సరిపోతాయి, మళ్ళీ కొనాలంటే ప్రాజెక్టుకు డబ్బిచ్చేవాళ్ళకు ముందు ఫలితం చూపించాలి. ఆ ఇంకుతో ప్రింట్ చేసిన షీట్లు కాలేజీ డాబా మీద నెల రోజులు ఎండకు నిలబడితే ప్రాజెక్టు సాగుతుంది, ఆమె థీసిస్ పూర్తవుతుంది. లేకపోతే అంతా ఖతం. ఇంకు కలిపే రోజున యమునకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. ప్రింటింగ్ మిషన్ ఆ ఒక్కరోజే దొరికింది.

“యాకోబన్నా, నా చేతులు వణుకుతున్నయ్. నువ్వెయ్యి. సీసాకు మూడు సుక్కలు,” అంది.

“నువ్వు కూసో బిడ్డా. రెండేండ్ల సంది సూస్తలేనా,” అన్నాడు యాకోబు.

మూడు వేశాడు. ప్రతి సీసాలో నాలుగోది కూడా వేశాడు. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు.

మొదటి రోజు ఎన్నడూ రానంత కరెంటు వచ్చింది. యాకోబన్న చెయ్యి మంచిదని యమున కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పింది. పన్నెండో రోజుకు అది సగమైంది. మే నెల ఎండలో మీటరు పట్టుకుని డాబా మీదే నిలబడేది పిచ్చిపిల్ల. దుమ్మన్నది, తీగల అతుకు సరిగా పడలేదన్నది. చివరికి, “నా లెక్కనే తప్పక్కా,” అని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నెల తిరిగేసరికి షీట్లలో ఏమీ మిగల్లేదు. పరిశీలనకు వచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోయారు. తాను తేల్చిన కొలత ఈ ఎండలకు పనికిరాదని యమునే రిపోర్టు రాసి సంతకం పెట్టింది.

తర్వాతి నెలలో ల్యాబు ఖాళీ చేస్తున్నాం. మిగిలిన ఆ మెల్లగా ఆరే ద్రవాన్ని పిల్లల ప్రయోగాలకని యాకోబు చిన్న సీసాల్లోకి వేస్తున్నాడు.

“అన్నా, పది సుక్కలన్న గద?” అంది యమున.

“పదే ఏసిన బిడ్డా. ఇది కొసరు.”

యమున సర్దుతున్న పెట్టె వదిలేసి ఆయన వైపు తిరిగింది.

“ఆ దినం గూడ ఏసినవా?”

“ఏసిన. అయిదింటికీ. నీకు మంచిగ జరగాలని ఏసిన.”

యాకోబును నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు డబ్బిచ్చేవాళ్ళకు ఉత్తరం కూడా రాయించాను. ప్రాజెక్టు ముగిసింది, మళ్ళీ తెరవడం కుదరదని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. మూడు చుక్కలే సరైనవని చేసి చూపిద్దామంటే చుక్క ఇంకు కూడా లేదు.

ఇప్పుడు యమున కోదాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది. పోయిన వారం యాకోబు అక్కడికి వెళ్ళి కాళ్ళు పట్టుకోబోయాడట. ఆమె వెనక్కి జరిగి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. పిల్లలెట్లున్నరని అడిగింది. ఆయన తిరిగి బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి ఒక్కటే మాట అన్నదట.

“ఇగ రాకన్నా. నా లెక్క తప్పనుకున్నన్ని దినాలు జర నిద్ర పట్టింది. నిన్ను సూస్తే అది సరైందే అని యాదికొస్తది.”