మస్తానన్న పదమూడో పిలుపు

నేను దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. స్పీకరు పలకాలంటే నాలుగు ఉండాలి: ఫైలు, ప్లేయరు, యాంప్లిఫయరు, వైరు. ఇప్పటికీ అదే నమ్ముతాను. అందుకే ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

అనంతపురం చుట్టుపక్కల బట్టల షాపులకు డిజిటల్ తెరలు, స్పీకర్లు బిగించడం నా పని. తాడిపత్రిలో ఒక చీరల షాపులో రెండు తెరలు, ఆరు స్పీకర్లు పెట్టాను. ఆ షాపు గుమ్మంలో మస్తానన్న అనే పెద్దాయన ముప్పై ఏళ్లుగా నిలబడి, దారిన పోయేవాళ్లను పిలిచేవాడు. చీర కట్టు చూసి ఏ ఊరివాళ్లో చెప్పేవాడు. "గుత్తి అక్కా, రా! కొనకుంటే పోనీ, చూసన్నా పో!" అంటే నడిచిపోయేవాళ్లు నవ్వుతూ వెనక్కి తిరిగేవాళ్లు.

ఆయన గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందే ఆయన పిలుపులు రికార్డు చేయమని షాపు యజమాని నన్ను పిలిపించాడు.

పైఅంతస్తులో చీరల కట్టల మధ్య ఆయన్ను కూర్చోబెట్టాను. అందరికీ సరిపోయేట్టు ఊళ్ల పేర్లు లేకుండా చెప్పమన్నాను.

"ఊరు పేరు లేకుండా ఎట్ల పిలిచేదప్పా? ఎవురూ తిరిగి చూడరు," అన్నాడు. అయినా చెప్పాడు.

మొత్తం పన్నెండు పిలుపులు. ప్రతిదానికీ ముందు రెండుసార్లు చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గులన్నీ కత్తిరించి, పన్నెండు ఫైళ్లు ప్లేయరులోకి ఎక్కించాను.

ఆపరేషన్‌తో మాట పోయింది. యజమాని మంచివాడు, గుమ్మంలో కుర్చీ వేయించాడు. మస్తానన్న చేయి ఊపేవాడు, తలపైన స్పీకరు పిలిచేది.

తర్వాత ఐదు నెలలకు ఆయన కూతురు షమీమ్‌కు ఆడపిల్ల పుట్టింది. మెహరున్ అని పేరు పెట్టారు. షమీమ్ కూడా ఆ షాపులోనే చీరలు చూపిస్తుంది.

ఆ పిల్లకు నడక వచ్చాక, ఒక మధ్యాహ్నం, పాడైన తెర మార్చడానికి వెళ్లాను. తాత గొంతుకు కట్టిన గుడ్డ, ఆయన ఊపిరి తీసుకుంటే వచ్చే ఈల లాంటి చప్పుడు అంటే ఆ పిల్లకు భయం. మస్తానన్న చేతులు చాపాడు. పెదవులు కదిపాడు. పిల్ల వెళ్లి తల్లి చీర చాటున దాక్కుంది.

"పోవే, తాతేం కరుస్తాడా?" అని షమీమ్ ముందుకు తోసింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఆయన చాపిన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఊరందర్నీ పిలిచినాడన్నా మా నాయన," అంది షమీమ్ నాతో. "దీన్ని మాత్రం ఒక్కసారి గూడా పేరు పెట్టి పిలవలేదు. ఇది ఇంగ ఎప్పటికీ దగ్గరికి రాదని దిగులు పెట్టుకోనుండాడు."

నేను తెర వెనక స్క్రూలు బిగిస్తున్నాను. పనికి అడ్డమని యాంప్లిఫయరు ప్లగ్గు పీకి పక్కన పెట్టాను. అప్పుడు గుమ్మం మీది స్పీకరు రెండుసార్లు దగ్గింది.

"మెహరున్నా! రామ్మా బంగారూ, తాత ఈడుండాడు చూడు."

పిల్ల ఏడుపు ఆపింది. తల ఎత్తి స్పీకరును చూసింది, తర్వాత మస్తానన్నను చూసింది. ఆయన పెదవులు ఇంకా కదులుతున్నాయి. పిల్ల తడబడుతూ నడిచి వెళ్లి ఆయన మోకాళ్లు పట్టుకుంది.

చీరలు చూస్తున్న ఒక ముసలామె వెనక్కి తిరిగి, "ఏం మస్తానూ, గొంతొచ్చెనా? మల్లా మొదలుపెట్టినావే!" అంది. గల్లా దగ్గర నుంచి యజమాని, "ఏమప్పా, ఇది ఎప్పుడు రికార్డు చేసినావు?" అని అడిగాడు.

అన్నీ పరీక్షించాను. ప్లేయరులో పన్నెండు ఫైళ్లే ఉన్నాయి. దగ్గులతో సహా అసలు రికార్డింగు నా ల్యాప్‌టాప్‌లో ఉంది, రెండుసార్లు విన్నాను. ఆ పేరు లేదు, ఉండే వీలూ లేదు, అప్పటికి పిల్లే పుట్టలేదు. షాపులో మైకు లేదు, ప్లేయరుకు ఇంటర్నెట్ లేదు. ప్లగ్గు నేను పెట్టిన చోటే ఉంది.

సీసీ కెమెరాలో శబ్దం రికార్డు కాదు. కానీ ఆ క్షణంలో షాపులో ఉన్నవాళ్లందరూ ఒకేసారి స్పీకరు వైపు తల తిప్పడం మాత్రం కనిపిస్తుంది. అందులో నేనూ ఉన్నాను.

మళ్లీ వినిపించమంటాడేమోనని భయపడుతూ మస్తానన్న దగ్గరికి వెళ్లాను. ఆయన అడగలేదు. నేనే అడిగాను, ఆ పిలుపు ఎవరిదని.

పిల్ల ఆయన ఒళ్లో నిద్రపోతోంది. అది లేవకుండా ఒక చేయి మెల్లగా తీసి, తన గుండె మీద వేలు పెట్టి చూపించాడు. ఇంత చదువుకొని ఇది కూడా తెలియదా అన్నట్టు నా వైపు చూశాడు.

నాకు తెలియదు. ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు.