ఉయ్యూరులో చిన్న పని

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పలేకే ఇన్నేళ్ళూ దీన్ని మోశాను. మోయడం అంటే పెద్ద మాటేమో. వేళకి అన్నం తిన్నాను, పెళ్ళిళ్ళకి పట్టుచీరలు కట్టుకుని వెళ్ళాను, అందరితో పాటు నవ్వాను. కానీ లిఫ్టులో ఒక్కదాన్నే ఉన్నప్పుడో, కుక్కరు కూత కోసం చూస్తూ నిలబడ్డప్పుడో ఉన్నట్టుండి అదే గుర్తొచ్చేది. ఒక మనిషి పరువు తీశాను నేను. చేత్తో ఏమీ చేయలేదు. ఒక్క ప్రశ్న అడిగాను, అంతే. అంతేనా? చూశారా, ఇంకా మొదలుపెట్టకుండానే తప్పించుకునే దారి వెతుక్కుంటున్నాను.

మొదట్నుంచీ చెబుతాను. నవ్వొచ్చే చోట నవ్వుకోండి. మొదట్లో అదంతా నవ్వులాటే.

మాది భవానీపురంలో అపార్ట్‌మెంటు. అప్పట్లో టీవీలో శనివారం సాయంత్రాలు ఒక డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. పాతకాలం పాకెట్ నవలలు తీసుకుని, ఒక్కో నవలనీ నాలుగు వారాల కథగా తీశారు. డిటెక్టివ్ పేరు పరాంకుశం. బట్టతల, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. మా టీవీ పెద్దదని పై అంతస్తువాళ్ళూ కింద అంతస్తువాళ్ళూ మా హాల్లోకే చేరేవాళ్ళు. రెండో వారం వచ్చేసరికి హంతకుడెవరని పందెం. ఓడినవాళ్ళు మిరపకాయ బజ్జీలు తేవాలి.

ఆ నవలలు నేను చదివేసినవే. నేను పుట్టి పెరిగింది ఉయ్యూరులో. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. ఇంటర్ చదివే రోజుల్లో జువాలజీ పుస్తకం మధ్యలో పెట్టుకుని పరాంకుశాన్ని నమిలి మింగాను. అందుకే టీవీలో మొదటి కథ మొదటివారమే గుర్తుపట్టేశాను. పేర్లు మార్చారు, ఊళ్ళు మార్చారు, జట్కా బదులు కారు పెట్టారు. హంతకుణ్ణి మాత్రం మార్చలేదు. ఆ కాంపౌండరేనండీ అన్నాను. నాలుగోవారం నిజంగానే కాంపౌండరు చేతులకి బేడీలు పడ్డాయి.

పుస్తకం చదివానని అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మా మామయ్యగారు నా వైపు తిరిగారు. ఆయన లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చి అన్నేళ్ళయినా కాఫీలో పంచదార ఎక్కువైందనో తక్కువైందనో తప్ప నాతో ఇంకోమాట మాట్లాడి ఎరగరు. అలాంటి మనిషి, ఎలా పట్టావమ్మాయ్ అని అడిగారు. ఏదో అలా అనిపించిందండీ అన్నాను. “బుర్ర! దానికి బుర్రుండాలి” అన్నారాయన, హాల్లో అందరికీ వినపడేట్టు. నా జన్మలో నన్ను అంతమాట అన్నవాళ్ళు లేరు. ఆ ఒక్కమాటకి ఎంత ఆకలితో ఉన్నానో నాకే తెలియదు. ఇంక పుస్తకం సంగతి ఎవరు చెబుతారు?

తర్వాత కథకీ నేనే చెప్పాను. ఆ తర్వాత కథకీ. అనుమానం రాకుండా మధ్యమధ్య కాస్త తటపటాయించేదాన్ని కూడా. నటన బాగానే వచ్చింది నాకు. తాళాలు పోయినా, గ్యాసు పుస్తకం కనపడకపోయినా, మీ కోడల్ని అడగండి అనేవాళ్ళు మామయ్యగారితో. వాళ్ళు మునగచెట్టు ఎక్కించారు, నేను ఎక్కి కూర్చున్నాను.

ఒక్క మనిషికి తెలుసు. సుభద్ర టీచరుగారికి. మా కింద ఫ్లాట్లో ఒక్కరే ఉండేవారు. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఎవరింట్లో జ్వరమొచ్చినా చారుగిన్నెతో ముందు ప్రత్యక్షమయ్యేది ఆవిడే. ఒక శనివారం వంటింట్లో కాఫీ గ్లాసులు సర్దుతూ నా చెవిలో, ‘నేనూ చదివానమ్మా అవన్నీ, ఎవరికీ చెప్పన్లే’ అని నవ్వారు. ఆ తర్వాత నేను హంతకుడి పేరు చెప్పిన ప్రతిసారీ ఆవిడ నా వైపు చూసి కొంటెగా కళ్ళు ఆర్పేవారు. సరదాకే. ఆ సరదా నాకు ముల్లులా ఉండేది. మొదట సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది. నన్ను ఏమీ అనని మనిషి మీద నాకెందుకండీ కోపం?

ఇక అసలు సంగతి. పై అంతస్తులో కామేశ్వరి ఉండేది. భర్త పోయాక డాబా మీద రేకుల షెడ్డు వేసుకుని, పచ్చళ్ళు పెట్టి అమ్ముకుంటూ పిల్లాణ్ణి చదివించుకుంటోంది. వేసవి వస్తే డాబా నిండా మామిడికాయ ముక్కలు, కారం, ఆవపిండి. టీచరుగారు రోజూ పైకి వెళ్ళి ఆవిడతో పాటు కత్తిపీట ముందు కూర్చునేవారు. ఊరికే. సాయానికి.

ఆ వేసవిలో ఎవరో కార్పొరేషన్‌కి కంప్లయింటు చేశారు. మనుషులొచ్చి షెడ్డు పీకేశారు. జాడీలు పగిలి ఆవకాయ నూనె మెట్ల మీదుగా ఎర్రగా కిందకి కారింది. కామేశ్వరి ఆ నూనెలోనే కూలబడి, నా బతుకు తుడిచిపెట్టేశారు అని గుండెలు బాదుకుంది. మరి చేసిందెవరు? మన బిల్డింగులో మనిషే అయ్యుంటాడు అన్నారు అందరూ.

మర్నాడు పొద్దున్న మా హాల్లోనే కూర్చున్నారు. శనివారం కాదు, టీవీ లేదు, కానీ ఎవరి చోటు వాళ్ళదే. మామయ్యగారు గొంతు సవరించుకుని, మా అమ్మాయిని అడగండి అన్నారు. ఎంత గర్వంగా అన్నారో. అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నాకేం తెలుసు? నా బొంద తెలుసు! నాకు తెలియదండీ అనడానికి ఎంత సేపు పడుతుంది? అనలేకపోయాను. పరాంకుశం కథల్లో ఎప్పుడూ ఒకటే సూత్రం. ఎవరి మీద మనకి అనుమానమే రాదో, ఎవరు అందరికన్నా మంచిగా ఉంటారో, వాళ్ళే. అన్ని వారాలుగా అదే చూసి చూసి మా హాలు మొత్తానికి ఆ సూత్రం ఒంటబట్టేసింది. మంచితనాన్నే అనుమానించడం నేర్చుకున్నాం మేము. నేను పేరు చెప్పలేదు. రోజూ డాబా మీదే ఉండే మనిషి నిన్న ఒక్కరోజే ఎందుకు లేరు అన్నాను, అంతే.

టీచరుగారు అక్కడే ఉన్నారు, గోడ పక్క కుర్చీలో. ఎక్కడికెళ్ళారని కామేశ్వరి అడిగింది. ఉయ్యూరు వెళ్ళాను, చిన్న పనుండి, అన్నారు. ఏం పని? ఆవిడ కామేశ్వరి వైపు కాకుండా నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. తప్పు చేసింది కాబట్టే నోరు పెగల్లేదు అనుకున్నారు అందరూ. టీవీలోనూ అంతే కదా మరి.

ఆ తర్వాత ఎవరూ ఆవిడతో పోట్లాడలేదు. పోట్లాడినా బాగుండేది. పేరంటాలకి పిలవడం మానేశారు. ట్యూషన్‌కి ఆవిడ దగ్గరికి వెళ్ళే పిల్లలు మానేశారు. ఆవిడ లిఫ్టు ఎక్కితే ఏదో మర్చిపోయినట్టు ఇంకొకళ్ళు దిగిపోయేవాళ్ళు. ఇరుగూ పొరుగే లోకంగా బతికిన ఒంటరి మనిషికి ఆ లోకం లేకుండా చేశాం. కొన్నాళ్ళకి మావారు కార్పొరేషన్‌లో తెలిసినాయన దగ్గర విని వచ్చారు. కంప్లయింటు చేసింది మా వాళ్ళెవరూ కాదట. వెనక బిల్డింగ్ ఓనరట, కారం ఘాటుకి తన ఫ్లాట్లకి అద్దెకెవరూ రావడం లేదని. చెప్పేద్దామా కామేశ్వరిగారికి అన్నారు మావారు. అప్పటికింకా టీచరుగారు ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు చెబితే ఆ ఓనరుతో గొడవలు, మనకెందుకండీ అన్నాను. ఆయన సరేనన్నారు. వానలు మొదలయ్యేసరికి టీచరుగారు ఫ్లాటు అమ్ముకుని కంకిపాడులో ఏదో అద్దెగది చూసుకుని వెళ్ళిపోయారు. సామాను బండి దగ్గరికి ఒక్కళ్ళం దిగలేదు.

ఆవిడనే ఎందుకు వేలెత్తి చూపించాను? నా గుట్టు తెలిసిన మనిషి కాబట్టి వదిలించుకుందామనా? లేక సీరియల్ సూత్రమే అలా పలికించిందా? ఇన్నేళ్ళూ ఈ రెండింటి మధ్యే తిరిగాను. ఒకరోజు మొదటిది నిజమనుకునేదాన్ని, ఇంకోరోజు రెండోది. తిరగడం కూడా ఒక సుఖమే లెండి. దేని దగ్గరా ఆగక్కర్లేదు.

మొన్న టీచరుగారు పోయారు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కాసేపటికి కామేశ్వరి రాసింది. “పోయినావిడ గురించి ఏమంటాం. ఎంత మందికి సాయం చేశారో. ఆ ఒక్క పని తప్ప. నేను ఆవిణ్ణి ఎప్పుడో క్షమించేశాను.” కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక ఫోను బోర్లించి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. చేయని తప్పుకి ఆవిడకి మన్నింపు కూడా దొరికింది. కామేశ్వరిది నిజంగా మంచి మనసు. ఆ మంచి మనసు చూసే నాకు ఇక్కడ కూర్చుని రాయక తప్పలేదు.

ఇంతవరకూ ఒక సంగతి దాటేస్తూ వచ్చాను. మీరు కనిపెట్టి ఉండరు. దాటెయ్యడంలో నాది అందెవేసిన చెయ్యి.

పరాంకుశం నవలల్లో ఒక్కటి నేను చదవలేదు. ఆఖరిది. షాపుకి ఎప్పుడు వెళ్ళినా అది ఇంకెవరి దగ్గరో ఉండేది. ఆ వేసవిలో టీవీలో మొదలైంది ఆ కథే. మూడు వారాలు అయిపోయాయి, నాకు ఒక్క ముక్క అంతుపట్టలేదు. మీ కోడలు ఈసారి ఇంకా నోరు విప్పలేదేం అని అడగడం మొదలుపెట్టారు. చచ్చేంత భయమేసింది. చివరికి వెళ్ళి టీచరుగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. చదివాను గానీ మర్చిపోయానమ్మా అన్నారావిడ. ఉయ్యూరు షాపు ముసలాయన ఇంకా ఉన్నాడనీ, పాత పుస్తకాలు ఆయన ఇంటి అటక మీద ఉన్నాయనీ చెప్పింది నేనే. నేను వెళితే ఇంట్లో ఎందుకని అడుగుతారండీ అన్నాను. నేను వెళతాన్లే అన్నారు. షెడ్డు కూల్చిన రోజు ఆవిడ డాబా మీద లేనిది అందుకు.

తెలుసు నాకు. ఆవిడ ఎందుకు లేరో నిండు హాల్లో అడిగినప్పుడు, ఎందుకు లేరో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆవిడ జవాబు చెప్పరనీ తెలుసు. ఎవరికీ చెప్పన్లే అని మాటిచ్చారు కదా. ఎదురు మాట్లాడలేని మనిషిని చూసుకుని మరీ అడిగాను.

ఆ సాయంత్రం ఆవిడ మా గుమ్మంలోకి వచ్చారు. చేతిలో న్యూస్‌పేపరు చుట్టిన పుస్తకం.

“దొరికిందమ్మా. అటకంతా దింపించాను” అన్నారు.

తీసుకున్నాను. లోపలికి రండి అనలేదు.

“వాళ్ళంతా అడుగుతున్నారు, ఉయ్యూరు ఎందుకెళ్ళానని. చెప్పమంటావా, వద్దంటావా? నువ్వే చెప్పు.”

“మామయ్యగారు లోపలున్నారండీ.”

“నేనడిగింది అది కాదమ్మా.”

“వద్దండీ” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. కోపంగా కాదు. లెక్క తప్పు చేసిన పిల్లని చూసినట్టు, తనే దిద్దుకుంటుందేమోనని ఒక్క క్షణం ఆగినట్టు. నేను దిద్దుకోలేదు.

“సరేలే. పేజీలు ఊడొస్తున్నాయి, నెమ్మదిగా తిప్పు” అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

పుస్తకం చదివాను. ఆ శనివారం అందరూ వచ్చారు, ఆవిడ తప్ప. సీరియల్ మొదలయ్యేముందు కామేశ్వరి, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతోనే, ఈసారి ఎవరు వదినా అని అడిగింది. చెప్పాను. సరిగ్గానే చెప్పాను. చప్పట్లు కొట్టారు. మామయ్యగారు నా తల మీద చెయ్యి వేశారు. నాకు సంతోషం వేసింది. అవును, వేసింది. అన్నిటికన్నా చెప్పడానికి కష్టమైంది ఇదే.

కామేశ్వరికి చెబుతానా? తెలియదు. చెబుతానని ఇక్కడ రాస్తే అదీ ఇంకో నటనే అవుతుంది. సుభద్ర టీచరుగారు ఏ పాపమూ ఎరగరు. నా కోసం ఉయ్యూరు వెళ్ళారు, నేను వద్దన్నానని నోరు మూసుకున్నారు. ఈ రెండు వాక్యాలూ ఇంతవరకూ మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు నేను. ఇప్పుడు రాశాను.