సోమ్లి చేసిన ప్రార్థన

మా చిన్నప్పుడు, డెబ్బైల్లో, శుక్రవారం వచ్చిందంటే మానుకోటలోని మా మిషన్ బడిలో ఆఖరి గంట ప్రార్థనకే... పొడుగు గదిలో చాపలు పరిచి, ఆడపిల్లలం ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు కూర్చునేవాళ్లం.

మాది బట్టల దుకాణం. ఇంట్లో సత్యనారాయణ వ్రతం, బడిలో యేసు పాటలు... రెండూ నాకు నోటికి వచ్చేవి.

నా పక్కన సోమ్లి కూర్చునేది. తండా నుంచి నడిచొచ్చే లంబాడా పిల్ల. వాళ్లింట్లో భాష వేరు. తెలుగు మా దగ్గర విని నేర్చుకున్నదే.

మూడో తరగతిలో ఒక శుక్రవారం, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ, ఎవరికి ఏం కావాలో దేవుణ్ణి సొంత మాటల్లో అడగమంది. ఎప్పుడూ నోరు విప్పని సోమ్లి లేచి నిలబడింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"యేసయ్యా, మా అమ్మకు పాణం మంచిగ లేదు. పది దినాలాయె, బువ్వ తింటలేదు. జర నువ్వొచ్చి సూడు."

టీచరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"జర వచ్చి చూడాలా? దేవుడేమైనా మీ తండావాడా? మంచి తెలుగులో అడగాలమ్మా."

గదంతా నవ్వింది... మా ఇంట్లో మాట్లాడేదీ ఆ మాటే. అయినా నేనూ నవ్వాను.

తర్వాత టీచరమ్మ నన్ను లేపింది. 'కృపగల తండ్రీ' అని మొదలుపెట్టి, పుస్తకంలో ఉన్నట్టు గడగడా చెప్పాను. టీచర్ల కోసం, వానల కోసం, దేశం కోసం వేడుకున్నాను. సోమ్లి వాళ్లమ్మ సంగతి మాత్రం మరిచిపోయాను. బాగా చెప్పానని రంగుల బొమ్మ కార్డు ఇచ్చారు.

నెల తిరగకముందే వాళ్లమ్మ పోయింది. సోమ్లి బడి మానేసింది.

ఒక అంగడి రోజు వాళ్ల నాయినతో కలిసి మా దుకాణానికి వచ్చింది. బడికి ఎందుకు రావడం లేదని అడిగాను. నా మొహంలోకి చూసింది.

"అమ్మ కోసం అడుగుదామనే లేసిన. మీరు నవ్విండ్రు. మంచి తెలుగుల నువ్వన్న అడగకపోతివి."

ఆమె గొంతులో కోపం లేదు... అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. వాళ్లు బట్ట కొనుక్కుని వెళ్లిపోయారు. సోమ్లిని మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మా యాసకు సినిమాల్లో చప్పట్లు కొడుతున్నారు. మా మనవరాలు ఆ మాటలతో వీడియోలు చేస్తుంది... ఇంట్లో అందరూ మురిసిపోతారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను.

మీ బడిలోనూ మాట్లాడే తీరు వల్ల నవ్వులపాలైన వాళ్లు ఉండే ఉంటారు. గుర్తుంటే వాళ్ల గురించి రాయండి... ఆ రోజు మీరు నవ్వారో లేదో, అది కూడా రాయండి.