పది నిమిషాలన్నాను

2018 దసరా మర్నాడు. పండుగ బడలికతో శ్రీరాంపూర్ ఇంకా సరిగ్గా లేవలేదు. నేనూ నా మెకానిక్ షెడ్డు తీయలేదు. పొద్దున ఏడింటికి ఓదెలు కాక ఫోన్ చేశాడు. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కారంటే ప్రాణం.

"కొడుకా, బండి స్టార్ట్ అయితలేదు. ఖానాపూర్ల మా అక్కకు పాణం మంచిగ లేదట. నన్నే అడుగుతుందట. జర జల్ది రా" అన్నాడు.

వెళ్లేసరికి కారు వాకిట్లో ఉంది, బానెట్ మీద నిన్నటి పసుపు బొట్లతో. తాళంచెవి తిప్పాను. సెల్ఫ్ మోటారు బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. ఇలాంటప్పుడు మేం ముందు చూసేవి రెండు: పెట్రోలు వస్తోందా, ప్లగ్గులో స్పార్క్ పుడుతోందా.

"అడ్డా మీదికి పోయి కిరాయి బండి మాట్లాడుకస్త" అంటూ కాక చెప్పులేసుకున్నాడు.

"ఎందుకు కాకా, దండుగ. పది నిమిషాలల్ల స్టార్ట్ చేస్త. మీ బండిల్నే పోదురు" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. చప్పుడు వినగానే ఇంజన్ జబ్బు చెప్పేస్తానని ఊళ్లో నాకు పేరుండేది. ఆ పేరు అప్పటికే నెత్తికెక్కింది.

పెట్రోలు వస్తోంది, స్పార్క్ లేదు. ఫ్యూజులు చూశాను. స్పార్క్ పుట్టించే కాయిల్ మార్చాను. ఇంజన్ తిరుగుతోందని బండి కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. మధ్యలో కాక భార్య శంకరమ్మ చిన్నమ్మ చాయ్ తెచ్చింది. "కొడుకా, మీటర్ కాడ గా ఎర్ర లైటు కొట్టుకుంటుంది సూడు. ఎప్పుడు అట్ల కొట్టుకోదు" అంది. "గది మామూలే చిన్నమ్మా" అన్నాను, తలెత్తకుండానే. కాక మళ్లీ కిరాయి బండి మాటెత్తాడు. నేను మళ్లీ పది నిమిషాలే అన్నాను. అప్పటికి తొమ్మిది దాటింది.

ఇక విప్పడానికేమీ మిగలక సీట్లో కూలబడి చూస్తే, ఆ ఎర్ర లైటు తాళంచెవి బొమ్మది. ఇమ్మొబిలైజర్. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. బండి దాన్ని గుర్తుపడితేనే ఇంజన్ నడవనిస్తుంది, దొంగ తాళాలతో ఎవరూ ఎత్తుకుపోకుండా. ఇక్కడ అసలు తాళంచెవికి స్పేర్‌ది తలకు తల ఆనించి ఎర్రదారంతో చుట్టి ఉంది. రెండు చిప్‌లూ ఒకేసారి పలికితే బండి దేన్నీ గుర్తుపట్టలేదు. పొద్దుటి నుంచి ఆ దారం నా వేళ్లకు తగులుతూనే ఉంది. పూజదారం కదా అని కదిలించలేదు.

"నిన్న బండి పూజల రెండు చాబీలకు కలిపి నేనే కట్టిన" అంది చిన్నమ్మ.

దారం తెంపి, రెండూ విడదీశాను. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. "ఈ దారంతోనే ఇంత పరేషాన్ అయింది చిన్నమ్మా" అన్నాను, ఏదో గెలిచినవాడిలా. ఆమె వెళ్లి కారెక్కింది.

వాళ్లు ఖానాపూర్ చేరేసరికి కాక అక్క పోయి అరగంటయిందట.

నెల తర్వాత సర్వీసింగ్‌కు వచ్చినప్పుడు కాక నన్ను తిట్టలేదు. "ఎనిమిదింటికి ఎల్లినా అక్క మాట్లాడుతుండె. తలుపు దిక్కే సూసిందట" అని, "నువ్వేం జేస్తవు తియ్, రాత" అన్నాడు. రాత కాదని నాకు తెలుసు. సిగ్గుతో బానెట్ కిందికి వంగి స్పానర్ తిప్పసాగాను.

ఇప్పుడు బానెట్ ఎత్తకముందే "నిన్న బండికి ఏం చేసిండ్రు?" అని అడుగుతున్నాను. ఇంట్లోవాళ్లు చూసింది చెబుతుంటే చేతిలో పని ఆపి వింటున్నాను. ఎవరికైనా తొందరుంటే ముందు వేరే బండి ఎక్కించి పంపిస్తాను. చేతకాక తప్పించుకుంటున్నానని అనుకునేవాళ్లూ ఉన్నారు. అనుకోనీ.

మరుసటి దసరాకు చిన్నమ్మ కారుకు పూజ చేయలేదట. ఎందుకని కాక అడిగితే, "నా చెయ్యి మంచిది కాదు" అన్నదట. "లైటు సంగతి నువ్వు ముందే చెప్పినవ్ చిన్నమ్మా, విననిది నేను, కాకను ఆపింది నేను" అని చెప్పడానికి రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. రెండుసార్లూ ఆమె ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.